మంచి వీధిలో ఇల్లు

కృష్ణమ్మ చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. పెద్దమండ్యం దగ్గర ఆమె పుట్టిన ఊరికి రోజూ సైకిలు మీద వచ్చే అయ్యవారు ఒక వేసవి సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. బడి గదిలోకి మొదట వేరుశెనగ మూటలు వచ్చి చేరాయి, తరువాత మేకలు. అక్షరాలు ఆమెకు పెళ్లిళ్లలో మాత్రమే కనబడే దూరపు చుట్టాలలా మిగిలిపోయాయి. ముఖాలు తెలుస్తాయి, పేర్లు నోటికి రావు.

అందుకే కూతురు కుసుమ చదువుతుంటే ఆమె చేతిలో పని ఆపి చూసేది. అవి పుంగనూరులో అద్దె ఇంట్లో ఉన్న రోజులు. భర్త రంగప్పకు బస్టాండు దగ్గర ఎరువులు, పురుగుమందుల అంగడి. సర్కారు బడి వదలగానే కుసుమ అంగడి మెట్ల మీద కూర్చుని డబ్బాల మీద అంటించిన కాగితాలు గట్టిగా చదివేది. 'పిల్లలకు అందని చోట ఉంచవలెను' అని ఆ పిల్ల రాగం తీస్తే కొనడానికి వచ్చిన రైతులు నవ్వేవారు. కృష్ణమ్మ నవ్వేది కాదు. కాగితం లోంచి నీళ్లు తోడినట్టు మాటలు పైకి వస్తున్నాయి, అదెలా అని చూసేది.

1996లో రంగప్ప అంగడిని మదనపల్లెకు మార్చాడు. టమోటా పండించే రైతులంతా అక్కడి మార్కెట్టుకే వస్తారు కాబట్టి మందులు కూడా అక్కడే కొంటారు. ఊళ్లో చేను అమ్మి సొంత ఇల్లు కొందామనుకున్నాడు. కుసుమ అప్పుడే అయిదో తరగతి దాటింది.

"యాడన్నా సూడు, ఎట్లాదన్నా సూడు. ఆడపిల్లోళ్ల హైస్కూలుకి దగ్గిర సూడు," అని కృష్ణమ్మ భర్తను అడిగింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె నోరు విడిచి అడిగింది అదొక్కటే.

రంగప్ప కాదనలేదు. సర్కారు బాలికల హైస్కూలు ముందునుంచి బయలుదేరిన సందు చివర ఒక పాత మిద్దె అమ్మకానికి ఉందని తెలిసి భార్యను తీసుకెళ్లాడు. సందు ఇరుకు. ఒక పక్క సైకిళ్లు బాగుచేసే కొట్టం, ఇంకో పక్క రోజంతా ఆగకుండా కొట్టుకునే మగ్గాలు. నడిమధ్య మురుగుకాలువ. ఇంటి నేల నాపరాళ్లు అరిగి నునుపెక్కాయి. కృష్ణమ్మ వంటింట్లో నిలబడి ఉండగా బడి గంట మోగింది. గాలిలో తేలివచ్చిన ఆ చప్పుడు ఖాళీ గూట్లో ఒక నిమిషం ఆగి, చల్లారినట్టు అనిపించింది ఆమెకు. గడపలో నిలబడి చూస్తే సందు మొదట్లో బడి గేటు, ఆకుపచ్చ రంగుది, సూటిగా కనబడుతోంది.

ఆ సూటి దారే కొంప ముంచింది.

వాస్తు చూడడానికి రంగప్ప వెంట వచ్చిన మునెప్ప మేస్త్రీ సందు మధ్యలో నిలబడి, జేబులోంచి దిక్సూచి తీసి, ఒక కన్ను మూసి చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఏమప్పా రంగప్పా, ఈ ఇల్లు నీకెవురు సెప్పిరి? వీధిపోటు గదా ఇది. రోడ్డు నేరుగా వచ్చి గేట్లో పొడస్తాండాది, సూడు."

"ఆ రోడ్డు బడికాడి నుంచి వస్తాండాది కదన్నా," అంది కృష్ణమ్మ.

"బడికాడి నుంచి వచ్చినా గుడికాడి నుంచి వచ్చినా పోటు పోటే మ్మా. అందులోనూ దక్షిణ నైరుతిది. ఇంట్లో ఆడోళ్లకి ఆగదు, కీడు. నీకు ఉండేది ఒక్క ఆడబిడ్డ. ఇంగ నీ ఇష్టం."

ఇంగ నీ ఇష్టం అన్న తరువాత ఏ తల్లికి ఇష్టం మిగులుతుంది? కృష్ణమ్మ గడప దిగి వచ్చేసింది.

రెండో ఇల్లు ఊరికి అవతలి చివర, పుంగనూరు రోడ్డు పక్కన కొత్తగా వేసిన లేఅవుటులో దొరికింది. నిజం చెప్పాలంటే అది కృష్ణమ్మకూ నచ్చింది. వెడల్పాటి వీధి, రెండు పక్కలా కానుగ మొక్కలు, తీయటి బోరు నీళ్లు. సాయంత్రమైతే కొండల మీదినుంచి దిగివచ్చే గాలి ప్రతి ఇంటి తలుపూ తట్టి పేరు పెట్టి పిలిచినట్టుండేది. వీధిలో అందరూ మెట్ట ఊళ్ల నుంచి వచ్చిన రైతు కుటుంబాల వాళ్లే. పక్కింటి చెంగమ్మది వాల్మీకిపురం. మొదటి రోజే చెంబుతో మజ్జిగ తెచ్చి, "అక్కా, ఈ ఈదిలో తలుపేసుకోబళ్లేదు, అందురూ మనోళ్లే," అంది. బడి గురించి అడిగితే స్థలాలు అమ్మినవాడు దూరంగా ఒక పాతిన రాయి చూపించి, "దానికి గూడా జాగా వదిల్నాం మ్మా," అన్నాడు. నాలుగేళ్లకు ఆ జాగాలో కల్యాణమండపం లేచింది.

హైస్కూలు మూడు కిలోమీటర్ల దూరం. ఆరు, ఏడు తరగతులు కుసుమ వీధి పిల్లలతో కలిసి నడిచి వెళ్లింది. ఏడో తరగతి పరీక్షలో బడికంతా మొదటిదిగా వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ అమరావతి మేడం ఆ పిల్ల చేతికి ఒక జామెట్రీ పెట్టె ఇచ్చి, "పదో తరగతిలో నీ పేరు పేపర్లో చూడాలి," అన్నదట. కృష్ణమ్మ ఆ పెట్టెలోని వృత్తలేఖిని తీసి, దాని రెండు కాళ్లనూ విప్పి మూసి, ఇది దేనికి అని అడిగింది. కుసుమ నేల మీద సుద్దతో ఒక గుండ్రం గీసి చూపించింది. ఒక కాలు కదలకుండా నిలబడితేనే ఇంకో కాలు తిరుగుతుంది మా, అంది.

ఆ వేసవిలో కుసుమ పెద్దమనిషి అయింది. వీధి వీధంతా వచ్చి పసుపు నీళ్లు పోసి, చిమ్మిలి ముద్దలు తినిపించింది. అంత ప్రేమగా చూసుకున్న ఆ వీధే జూన్‌లో బడి తెరవగానే చూపు మార్చింది. మిగిలిన ఆడపిల్లలు అప్పటికే బడి మానేశారు. కుసుమ ఒక్కతే మార్కెట్టు యార్డు ముందునుంచి, లారీల మధ్యనుంచి వెళ్లాలి. రంగప్ప టమోటా వేలం మొదలయ్యే వేళకే అంగడి తీయాలి కాబట్టి చీకటితోనే వెళ్లిపోయేవాడు.

"నేను పిలుచుకోని పోతా," అంది కృష్ణమ్మ.

ఆ రోజు నుంచి పొద్దున ఒక రాకపోక, సాయంత్రం ఒక రాకపోక. ఆ నెలల్లో మదనపల్లె రోడ్లు ఎర్రగా ఉంటాయి. పెట్టెల్లోంచి జారిన టమోటాలు చక్రాల కింద నలిగి, తెల్లవారి ఎండలో వీధంతా పుల్లగా వాసన వేస్తుంది. ఆ ఎరుపు మీద జాగ్రత్తగా అడుగులేస్తూ కుసుమ పద్యాలు అప్పజెప్పేది. కృష్ణమ్మ అర్థం కాకపోయినా ఊ కొట్టేది. ఇద్దరూ అప్పట్లో కొనకుండా వదిలేసిన ఆ పాత మిద్దె ముందుకు చేరేసరికి మొదటి గంట మోగేది. అందులో ఇప్పుడు పూలమ్మే సిద్ధమ్మ కాపురం ఉంది. ఆమె మొదటి గంటకు కూతుళ్ల జడలు మొదలుపెట్టి, రిబ్బను కొస పళ్లతో పట్టుకుని, రెండో గంటకు వీపు మీద చరిచి తోలేది. ఆ పిల్లలు ఎగురుకుంటూ గేటులో దూరిపోయేవారు. పోటు వాళ్లకెక్కడ తగిలిందో కృష్ణమ్మకు కనబడలేదు.

వీధి మొదట నవ్వింది. సాయంత్రం అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు తల్లీకూతుళ్లు రాగానే అందుకునేవారు.

"కిష్ణమ్మక్కా, నీకు గూడా యూనిఫారం కుట్టిచ్చినారా?"

"కుట్టిచ్చినార్లే మ్మా. రిబ్బన్లే సాలక నిలబడిపోయినా."

"ఇంతకీ ఏం క్లాసక్కా నువ్వు?"

"మూడుతో నిలిపిడిస్తిని గదా, నాలుగులో కూర్సోబెట్టినారు."

అలా ఎదురు జోకులేసినన్నాళ్లూ బాగానే ఉంది. దసరా దాటాక నవ్వులు పలచబడ్డాయి. ఒకనాడు చెంగమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"అక్కా, ఎగతాళికి అంటాండామని అనుకోవద్దు. మన ఈదికి ఒక పేరుండాది. మా ఇండ్లల్లో గూడా ఆడపిల్లోళ్లు ఉండారు."

"మీ పిల్లోళ్లని ఎవురేమన్నారు చెంగమ్మా?"

"ఎవురూ ఏమీ అన్లేదు. అనకముందే సెప్తాండా. రేపు సంబంధానికి వచ్చేవాళ్లు నీ ఒక్క ఇంటికే రారక్కా. ఈదికి వస్తారు."

కృష్ణమ్మ మరునాడు కూడా నడిచింది. ఆ మరునాడు కూడా.

డిసెంబరు మంచులో ఒక ఉదయం మార్కెట్టు ముందు లారీ మీద పెట్టెలు సర్దుతున్న క్లీనరు ఒక పండు పైనుంచి విసిరాడు. ఎవరి మీదికో, ఎందుకో. అది తన ముఖానికి తగలబోతుంటే కుసుమ రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకోగలిగినందుకు పన్నెండేళ్ల పిల్ల నవ్వినట్టు నవ్వింది. పండును రోడ్డు పక్క ఆవు ముందు పెట్టి నడిచింది. అంతే జరిగింది. కానీ మండీ దగ్గర నిలబడిన చెంగమ్మ భర్త అది చూశాడు. సాయంత్రం తల్లీకూతుళ్లు వీధి మలుపు తిరిగేసరికి ఆ నవ్వు వాళ్లకంటే ముందే ఇల్లు చేరింది. లారీవాళ్లతో కాయలు ఇచ్చిపుచ్చుకునే దాకా వచ్చిందంట అని ఒక అరుగు ఇంకో అరుగుకు చెప్పింది. ఆ పూట ఎవరూ జోకులేయలేదు. ఎవరూ పలకరించనూ లేదు.

అన్నం తింటూ రంగప్ప తల ఎత్తకుండా అన్నాడు:

"నేను బడి మానిపీమని సెప్పను. రేపు పొద్దున ఏమన్నా అయితే నన్ను మాత్రం అడగొద్దు. నువ్వే సూసుకో."

భర్త వద్దని ఉంటే కృష్ణమ్మ పోట్లాడేదేమో. ఆయన వదిలేశాడు. ఆ బరువు మొత్తం ఆమె చేతిలో పెట్టి చేయి కడుక్కున్నాడు.

మరునాడు అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల పరీక్ష. కుసుమ తల దువ్వుకుని, పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని వాకిట్లో నిలబడింది. ఎదురు అరుగు మీద నలుగురు ఆడవాళ్లు చిక్కుడుకాయలు గిల్లుతున్నారు. వేళ్లు ఆగలేదు గానీ కళ్లు ఇటే ఉన్నాయి. కృష్ణమ్మ తలుపు దాకా వచ్చింది. ఆ చూపులు మంచులోంచి వచ్చి ఒళ్లంతా తడిపినట్టయింది.

"ఈ పొద్దుకి వద్దులే మ్మా," అంది.

ఈ పొద్దు రెండు పొద్దులయింది. సంక్రాంతి సెలవులు వచ్చాయి, పోయాయి. వీధి మళ్లీ ఆమెతో మాట్లాడింది. చెంగమ్మ మళ్లీ మజ్జిగ తెచ్చింది.

ఫిబ్రవరిలో అమరావతి మేడం రిక్షాలో వెతుక్కుంటూ వచ్చింది. రంగప్ప ఇంట్లో లేడు. కృష్ణమ్మ కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మంలో గుమిగూడారు.

"ఫీజు లేదు. పుస్తకాలు నేనే ఇస్తాను. పిల్లను పంపండి చాలు," అంది మేడం.

కృష్ణమ్మ నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి చెంగమ్మ అందుకుంది. "ఆ పిల్లకి ఒళ్లు బాగలేదు మేడం. ఎండలో నడిస్తే కండ్లు తిరగతాండాయి."

"అవు మేడం, డాకట్రు గూడా వద్దన్నాడు," అంది ఇంకొకామె.

వీధంతా కలిసి, మంచి మనసుతో, ఆమె కోసం అబద్ధం చెప్పింది. లోపలి గదిలో కుసుమ వింటోందని కృష్ణమ్మకు తెలుసు. మేడం ఆమె ముఖంలోకి చూసి, "నిజమేనా అమ్మా?" అని అడిగింది. కృష్ణమ్మ తల ఊపింది. మేడం కాఫీ సగం తాగి లేచింది.

చెంగమ్మ చెప్పినట్టే సంబంధం వీధిని చూసి వచ్చింది. మంచి వీధి, పేరున్న వీధి అని కుప్పం వాళ్లు ఇంకేమీ అడగలేదు. 2004లో కుసుమ పెళ్లయింది. అల్లుడు వెంకటేష్ గ్రానైటు రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నెమ్మదస్తుడు. అతనిమీద వంక పెట్టడానికి ఏమీ లేదు.

2007లో కృష్ణమ్మ మనవడిని చూడడానికి కుప్పం వెళ్లింది. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా సగం రోజు బస్సు. మరునాటి మధ్యాహ్నం ఇద్దరూ వసారాలో కూర్చుని ఉండగా ఏదో సర్వే రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచి, చేతిలో ఫారాలు. కుసుమ వయసే ఉంటుంది.

"ఏం సదివినారక్కా?"

"ఏడు," అంది కుసుమ.

"ఎనిమిది గదమ్మా," అంది కృష్ణమ్మ.

"ఎనిమిది పాసు కాలేదు గదా మా. ఏడే రాసుకోండి."

ఆ అమ్మాయి రాసుకుని పక్కింటికి వెళ్లింది. కుసుమ చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. తరువాత, ధర అడిగినంత మామూలుగా అడిగింది:

"ఆ పొద్దు లెక్కల పరీక్షకి నువ్వు యాల రాలేదు మా?"

తొమ్మిదేళ్లలో ఆ పిల్ల ఆ మాట ఎత్తడం అదే మొదలు. మీ నాయన అనొచ్చు. చెంగమ్మ అనొచ్చు. మునెప్ప మేస్త్రీ, దూరం, మంచు, లారీలు, ఏదైనా అనొచ్చు. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"సిగ్గేసింది మ్మా," అంది కృష్ణమ్మ.

"ఎవురిని సూసి?"

"ఈదిని సూసి."

కుసుమ ఒక మట్టిబెడ్డ తీసి వాకిట్లోకి విసిరింది.

"నేను నీ సెప్పులే సూస్తా నిలబడితిని. తలుపు దాకా వచ్చినావు గదా, ఏసుకుంటావనుకుంటిని. నువ్వు లోపలికి పోయినంక గూడా రెండో గంట కొట్టే టైము దాకా ఆడే నిలబడితిని మా."

కృష్ణమ్మ చేయి చాచింది, కూతురి భుజం మీద వేయడానికో, చేట అందుకోవడానికో. కుసుమ చేటను కొంచెం పక్కకు జరుపుకుంది.

"నీ కండ్లకి కనపడవు మా, రాళ్లు. నేనే ఏరతాలే."