ఏనుగు ఇంటిపేరువాడు

దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే రేవులో ఓడ దిగిన యాత్రికులకు అడవి చూపించి, ఐదింటికి ఓడ కదిలేలోపు తిరిగి దింపడం బెకానీ ఎండ్లోవు పని. టోపీ కళ్ల మీదికి లాక్కుని, పుల్ల నములుతూ వ్యాను నడుపుతాడు. ఎండ్లోవు అంటే అక్కడి జులూ భాషలో ఏనుగు. ఆ ఇంటిపేరువాళ్లకు ఏనుగు చుట్టం, అందుకే దానికి ఏనాడూ హారన్ కొట్టడు. నిన్న తిరుగుదారిలో ఒక ఒంటరి మగ ఏనుగు అడ్డంగా నిలబడింది. "హారన్ కొట్టవయ్యా, ఓడ వెళ్లిపోతుంది!" అని వెనకసీటు ముసలావిడ ఏడుపుగొంతుతో అరిచింది. బెకానీ ఇంజను ఆపి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తమ వంశపు పెద్దలను పిలిచే పేరుతోనే, "గత్షేనీ! నీ పిల్లలం, దారియ్యి తండ్రీ" అని మెల్లగా బతిమాలాడు. అరగంటకు ఏనుగు చెవులు విదిలించి పొదల్లోకి తప్పుకుంది.

రేవు చేరేసరికి ఓడ మెట్లు ఇంకా తీయలేదు. అందరూ ఎక్కేశాక, గేటు దగ్గరుండే నొంతాండజో నవ్వింది.

"ఏం బాబాయ్, మళ్లీ మీ చుట్టం ఆపాడా?"

"ఆపి, మంచిచెడ్డలు అడిగి పంపాడు."

నీళ్లసీసా మూత తిప్పబోతే అతని చేతులు వణికాయి. ఆమే తీసిచ్చింది.

"చుట్టమంటావు, మరి ఈ వణుకేంటి?"

బెకానీ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"చుట్టమే తల్లీ. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో!"