తాళం వేసిన సంచీ

“...అయితే తాళంచెవి నీ జేబులో ఎట్టుకుని, సంచీ నా పేరున రాయించేస్తావేట్రా?”

“నా సామాను బరువెక్కువైపోనాదిరా పోలిగా. ఇమానం ఎక్కేకాడే ఆపేద్దురు. పాస్‌పోర్టు నువ్వే కదా నా సేతికిచ్చినావు?”

“పాస్‌పోర్టిచ్చినాను. పేరిచ్చినానా?”

దమ్‌దమ్ ఎయిర్‌పోర్టులో సామాన్లు తిరిగే బెల్టు పక్కన పోలిరాజు, బైరాగి ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా నేల మీద నల్లసంచీ. దాని పిడికి కట్టిన చీటీ మీద పోలిరాజు పేరు.

“ఒరే బాబూ, పోట్లాట ఇంటికెళ్ళి పెట్టుకోండి,” అన్నాడు మొయినుద్దీన్ బెంగాలీలో, తన సంచీ భుజాన వేసుకుంటూ. “ఆ కస్టమ్స్ అన్న టిక్కెట్టు లేకుండా సినిమా చూస్తున్నాడు.”

ముగ్గురూ ఆ ఊళ్ళోనే మెటియాబ్రుజ్ పేటలో పిల్లల గౌన్లు కుట్టే ఒకే కార్ఖానాలో పనిచేస్తారు. పోలిరాజు అక్కడ కటింగ్ మాస్టరు. పుట్టింది, పెరిగింది ఓడరేవు పక్క పేట ఏక్‌బాల్‌పూర్‌లో. తండ్రి కూర్మయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడలు ఆగే డాక్‌లో కూలీగా చేరినవాడు.

ఆ పేటలో ఎవరు ఊరికి ప్రయాణమైనా, చుట్టుపక్కలవాళ్ళు వాళ్ళ చేతికి మూటలు ఇస్తారు. కానీ మూట విప్పి తేవాలి. మోసేవాడు లోపల చూసుకుని తనే ముడి వేసుకోవాలి. ముడి వేసి తెచ్చిన మూటను, సొంత బావమరిది తెచ్చినా సరే, ఎవరూ ముట్టరు.

ఆ పట్టింపు కూర్మయ్య వల్లే వచ్చింది. ఎవరో స్నేహితుడు పాతబట్టలని చెప్పి ఇచ్చిన మూటతో అతను డాక్ గేటు దాటబోయాడు. కాపలావాళ్ళు విప్పితే బట్టల మధ్య ఓడలోంచి ఊడదీసిన ఇత్తడి సామాను. పని పోయింది. యూనియన్ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా మళ్ళీ రాలేదు. చివరిదాకా ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర మరమరాలు అమ్ముకున్నాడు. మూట ఇచ్చినవాడి పేరు గేటులో చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. అందుకని తండ్రి కోసం గుమ్మంలోకి వచ్చిన ప్రతివాణ్ణీ పోలిరాజు చిన్నప్పటి నుంచి అనుమానంగానే చూశాడు. పాడె పట్టిన నలుగురినీ అలాగే చూశాడు.

అలాంటివాడు చైనా ప్రయాణానికి ఒప్పుకోవడమే వింత. గుండీలు, లేసులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒకసారి కళ్ళారా చూద్దామని మొయినుద్దీన్ పట్టుబట్టాడు. కున్మింగ్‌లో దిగి, అక్కడి నుంచి నాన్నింగ్, తర్వాత గ్వాంగ్‌జౌ. రాత్రంతా రైల్లో చెక్కబల్లలాంటి సీట్ల మీద కూర్చునే వెళ్ళారు. ఒక్కో గదిలో పదిమంది పడుకునే చోట్ల దిగారు. కెటిల్‌లో ఉప్మా చేసుకున్నారు. మొయినుద్దీన్ ఆకుపచ్చ బోర్డు మీద అరబ్బీ అక్షరాలున్న హలాల్ హోటలు వెతికి పట్టుకుంటే, పక్కవాడి గిన్నె వేలితో చూపించి అదే తెప్పించుకుని తిన్నారు. నాన్నింగ్ రైల్లో పోలిరాజుకి చలిజ్వరం వస్తే బైరాగి తన శాలువా కప్పి, తను తెల్లవార్లూ వణుకుతూ కూర్చున్నాడు.

గ్వాంగ్‌జౌ వచ్చాక బైరాగి మారాడు. పొద్దున్నే ఒక్కడే బయటికి పోయేవాడు. గుండీల బజారుకని చెప్పి వట్టి చేతులతో వచ్చేవాడు. ఒకసారి పోలిరాజు గదిలోకి వచ్చేసరికి మంచం కిందికి ఏదో తోశాడు. అడిగితే నవ్వాడు. ఆ నవ్వు పోలిరాజుకి నచ్చలేదు.

“లోపలేటున్నాదో మళ్ళీ సెప్పు,” అన్నాడు పోలిరాజు ఇప్పుడు.

“శారదకి తెచ్చిన సామాన్లు.”

“అక్కడ గుండీలన్నావు. ఇమానంలో పిల్లల బొమ్మలన్నావు. దిగేసరికి నీ పెళ్ళానికైపోనాయా?”

“అన్నీ ఉన్నాయిరా.”

పోలిరాజు సంచీ ఎత్తి ఊపాడు. గుండీలైతే గలగలలాడాలి. ఏ చప్పుడూ రాలేదు. లోపల ఏదో ఒక్కటే గడ్డలా, గట్టిగా కదిలింది.

“ఇక్కడే ఇప్పు.”

“ఇంటికాడ ఇప్పి సూపిస్తాను. ఇక్కడ కాదు.”

“ఇక్కడెందుకు కాదు?”

బైరాగి గేటు వైపు చూశాడు. చూపించాల్సిందేమీ లేదనేవాళ్ళకి పెట్టిన పచ్చబోర్డు కింద నుంచి జనం ఆగకుండా బండ్లు తోసుకుంటూ వెళ్ళిపోతున్నారు. పక్కనే, సామాను విప్పి చూపించేవాళ్ళు వెళ్ళే ఎర్రబోర్డు కింద బల్ల వెనక ఒక ఆఫీసరు ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

“శాలువా కప్పినప్పుడు దాన్ని దులిపి సూసుకున్నావేట్రా?” గొంతు తగ్గించాడు బైరాగి. “అందరిలాగే పచ్చదారిన నడు. నిన్నెవడూ ఆపడు. ఆ ఎర్రదాని కిందికెల్లినావంటే మన స్నేహం ఇయ్యాల్టితో సరి. మళ్ళీ నా గుమ్మం తొక్కకు.”

మొయినుద్దీన్ ఇద్దరి మొహాలూ చూశాడు. ఈసారి హాస్యమాడలేదు. తన సంచీ పట్టీ బిగించుకున్నాడు.

పోలిరాజు నల్లసంచీ భుజానికి తగిలించుకున్నాడు.

“ఎర్రదారినే ఎల్తన్నాను,” అన్నాడు. “తాళంచెవి తెస్తే తే. నేకపోతే ఆళ్ళే ఇరగ్గొడతారు.”