చిక్కుడు కొత్త

కబురు మొదట చెప్పింది బుద్రి, ఒకప్పుడు బడిలో నా చేతి వంట తిన్న పిల్ల. ఈ ఏడు మా పెరటి పాదు తొలి కాపు కోసి, అరుగు మీద కూర్చుని ఈనెలు తీస్తున్నాను. వేళ్ళ నిండా పచ్చి చిక్కుడు పసరు వాసన. ఫోన్ మోగింది. "వంటమ్మా, తోట పెద్దమ్మ ఎల్లిపోయింది," అంది. మళ్ళీ తనే, "కొత్త తినకుండానే ఎల్లిపోయింది," అంది. ఆ రెండో మాటకు నాకు దుఃఖం ఆగలేదు. ఎందుకో తెలియాలంటే ఆ తోట పెద్దమ్మ, సుక్రమ్మ, మీకు తెలియాలి.

నేను బడికి పోలేదు. నాన్నే ఇంట్లో పలక పట్టించి నాలుగక్షరాలు నేర్పాడు. ఆయన పోయాక, దేవుడి దయవల్ల, అరకు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో వంటపని దొరికితే విజయనగరం వైపు నుంచి కొండెక్కాను. వంటశాల వెనక అరెకరం తోట. పిల్లలే విత్తి, పిల్లలే కలుపు తీసి, తమ కంచాల్లోకి కూర పండించుకోవాలని ఆ ఏడే మొదలుపెట్టారు. నేర్పడానికి పక్క ఊరి సుక్రమ్మను పిలిచారు. అరవై దాటిన మనిషి, మోకాలి నొప్పి, సంతకం రాదు.

మొదటి రోజే నన్ను దబాయించింది. పొయ్యిలో బూడిద ఎత్తి గోతిలో పోస్తుంటే, "ఓలమ్మా, ఏటి సేత్తన్నావు? నా పాదుల మందు పారబోత్తన్నావు గదే!" అంది. చిక్కుడుకు పేను పడితే బూడిదే చల్లాలట. ఆనాటి నుంచి రోజూ చేటెడు బూడిద ఆమెకు అందించడం నా పని అయింది. విత్తే ముందు ప్రతి పిల్ల చేతా గింజను గుప్పిట్లో పట్టించేది. "సల్లగా నేల్లోకి తోసెయ్యకండే గుంటల్లారా. ఎచ్చబడనీండి. మీరెవలో దానికి తెలియాల," అనేది. నేనూ వెనక నిలబడి, ఎవరూ చూడకుండా ఒక గింజ పట్టుకునేదాన్ని.

తప్పు చేసింది నేనే. మంచు పట్టిన ఒక పొద్దున పాదులు నిండుగా కాసి కనిపించాయి. పిల్లలు సంతోషిస్తారని, ఎవరికీ చెప్పకుండా రెండు బుట్టలు కోసి, ఎర్రగా తాళింపు పెట్టి వండాను. మధ్యాహ్నం వరసగా కూర్చున్నారు. ఒక్కరూ కూర ముట్టలేదు. అన్నంలో ఉప్పు కలుపుకుని తిని లేచిపోయారు. కూర బకెట్లు అలాగే ఉండడం పెద్ద మాస్టారు చూశారు.

"వాళ్ళు తినని కూరకి తోటెందుకమ్మా? వచ్చే వారం దున్నించేసి వాలీబాల్ కోర్టు వేయిద్దాం," అన్నారు.

గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే బుద్రి వచ్చింది. అప్పుడు ఏడో తరగతి. "నీ వంటకి వంక పెట్టలేదు వంటమ్మా. కొత్త అవ్వలేదు గదా," అంది. ఏ పంటైనా తొలి కాపు ముందుగా ఆ కొండవాళ్ళ దేవత, తల్లికి పెట్టాలి. ఆ పండగే కొత్త. అది అయ్యేదాకా వాళ్ళు నోట పెట్టరు.

సుక్రమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. పక్కన చతికిలబడి నవ్వింది. "పొద్దున్నే నీ దేవుడి పటానికి పెట్టకుండా నువ్వు టీ నీల్లైనా తాగవు గదా. మా తల్లి మాత్రం పస్తుండాలేటి?"

సిగ్గుతో తల వంచుకున్నాను. ఇన్నేళ్ళ నా పూజలో ఆ ప్రశ్న నాకు తోచనే లేదు.

ఊరి కొత్తకు ఇంకా మూడు వారాలుంది. అప్పటికి కాయ ముదిరిపోతుంది, తోటా ఉండదు. "పండక్కి రోజు పెట్టేది మా పూజారి, దిసారి. ఆడినడిగి బేగి వచ్చేత్తాను," అని ఆ మోకాలితోనే కొండెక్కి, సాయంత్రానికి తిరిగొచ్చింది. బడి తోటకు గురువారమే కొత్త చేసుకోవచ్చన్నాడట.

గురువారం తోట మూల రాయి దగ్గర అలికారు. తొలి కుండ నన్నే వండమంది సుక్రమ్మ. "నేనా పెద్దమ్మా? మొన్న అపచారం చేసినదాన్ని," అన్నాను. "అందుకే. బూడిదంతా నీ పొయ్యిదే గదా," అంది. ఆకులో మొదటి పిడికెడు నా చేతే తల్లికి పెట్టించింది. పిల్లలు రెండేసి సార్లు వడ్డించుకున్నారు. చివరన మాస్టారు కూర్చున్నారు.

"కోర్టు ఏ పక్కనేత్తారు మాస్టారూ?" సుక్రమ్మ అమాయకంగా అడిగింది.

"ముందు కూర వెయ్యమ్మా," అన్నారాయన. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొండ దిగి వచ్చి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరింటికైనా వండడానికి వెళితే, "మీ ఇంట్లో ముందు ఎవరికి పెడతారు?" అని అడిగాకే పొయ్యి వెలిగిస్తాను. అది ఆమె నాకు చెప్పిన చదువు.

ఈ ఏడు కొత్తకు నాలుగు రోజుల ముందు వెళ్ళిపోయిందట. ఈనెలు తీసిన చిక్కుళ్ళు వండి, నా దేవుడికి ఒక ఆకు, పక్కనే సుక్రమ్మకు ఒక ఆకు వేశాను. మీ ఇంట తొలి కాపు వండిన రోజున, నోట పెట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ క్షణంలో సుక్రమ్మ పేరు తలచుకోండి. కొత్త తినకుండా వెళ్ళిన మనిషి.