నామాలు పెట్టుకున్న రాయి

ఆదిమూలంతో బజారుకు వెళ్లడమంటే నాకు తలవంపులుగా ఉండేది. పుత్తూరులో కంసాలి ముందు కూర్చుని కమ్మల సంగతి మాట్లాడడు. "అబ్బా, నీ గీటురాయి మంచిదని నీకు చెప్పే రాయి యాడుండాది?" అంటాడు. జవుళి అంగట్లో ఇనప మీటరు బద్దను తిప్పి తిప్పి చూసి, "దీన్ని దేంతో కొలిసినారప్పా?" అంటాడు. ఒకసారి నాకు జ్వరమొస్తే ఆసుపత్రికి తోడొచ్చి, "తొంభై ఎనిమిదిని సరిగ్గా ఉండేదని ఎవురు పెట్టినారు సామీ? ఆ మనిసి ఒళ్లు బాగుండిందా?" అని కాంపౌండరును నిలదీశాడు. సిగ్గుతో చచ్చాను.

వాడి పని అలాంటిది. చెరువుల ఆఫీసులో నేను పటాలు గీసే ట్రేసరును, వాడు లస్కరు. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఓవర్సీరు దుర్భిణిలోంచి చూస్తుంటే, దూరంగా అంకెల కర్ర నిటారుగా నిలబెట్టి పట్టుకోవడం వాడి ఉద్యోగం. ఆ కర్ర మొదట పెట్టేది బెంచిమార్కు రాయి మీద. రాయి నెత్తిన బాణం గుర్తు చెక్కి ఉంటుంది. దాని ఎత్తు ఎంతో పుస్తకంలో రాసి ఉంటుంది. తూము ఎంత లోతు, కట్ట ఎంత ఎత్తు, నిండిన నీళ్లు పొర్లిపోయే మొరవ ఎంత ఎత్తున కట్టాలి, అన్నీ ఆ రాయిని బట్టే. "అన్నిటికీ ఒక రాయుండాలబ్బా. లేకుంటే ఎవుడికి తోసింది వాడికి ఎత్తు" అనేవాడు. ఆఫీసులో అందరూ వాణ్ని రాయి ఆదిమూలం అనేవాళ్లు.

వడమాలపేట రోడ్డు దిగి లోపలికి మూడు మైళ్లు నడిస్తే తుమ్మకండ్రిగ. అది వాడి ఊరు. తల్లి పోతే వాణ్ని సాకింది అక్క దేవకమ్మ. ఆమె ఇల్లు చెరువుకట్ట దిగువనున్న తొమ్మిదిళ్లలో మొదటిది. కట్ట పక్కనున్న బెంచిమార్కు రాయికి ఎవరో ఎనుమును కట్టేస్తే వాడు మండిపడి, "అక్కా, నీ ఇంటిని కాపాడే సామి ఈ రాయే. దీన్ని ఎవుర్నీ తాకనీయొద్దు" అన్నాడట. వాడు నవ్వుతాలుకే అన్నాడు. ఆమె నవ్వుతాలుగా వినలేదు.

దానికి తోడు ఆ గుర్తు. ఇటునుంచి చూస్తే బాణం, అటునుంచి చూస్తే అచ్చం నామం. పొద్దున లేస్తే ఏడుకొండలు కనబడే ఊళ్లలో మూడు గీతలు ఒకచోట కలిస్తే ఇంకేం తోస్తుంది? కొడుకు వరదయ్య కూతురు, తల్లి లేని మనవరాలికి విషజ్వరం వచ్చినప్పుడు దేవకమ్మ ఆ రాయికే మొక్కుకుంది. పిల్ల బతికింది. దేవుడు కుక్కలు తిరిగే నేలమీద ఉండకూడదని, వరదయ్య చేత రాయిని పెకలించి, అక్కడే దిమ్మె కట్టించి, దాని మీద నిలబెట్టించింది.

డెబ్బై ఆరు వేసవిలో ఆ ఊరి మొరవ కూలగొట్టి కొత్తది కట్టాలని ఉత్తర్వు వచ్చింది. కట్ట జోలికి పోనక్కర్లేదన్నారు. ఓవర్సీరు రాజారత్నం ఆ ఊరు రావడం అదే మొదలు. దిమ్మె కూడా రాయితో పాటు ఎప్పటినుంచో ఉందనుకున్నాడు. ఆదిమూలానికి మాత్రం చూడగానే అర్థమైంది. చేత్తో కొలిచాడు. మూరెడు.

"పూలు పక్కకు జరిపి పెట్టుకోరా. నీ కర్రే గదా, సామికేం కోపం రాదు" అంది అక్క. మనవరాలు ఆమె చంకలో ఉంది.

"రాయి సరిగా ఉండాదా?" అని రాజారత్నం దూరం నుంచి కేకేశాడు.

లేదంటే వడమాలపేట రోడ్డు మీదున్న ఇంకో రాయి నుంచి కొలుచుకుంటూ రావాలి. రెండు రోజుల పని. ఈ రాయిని కదిపింది ఎవరని అడుగుతారు. దిమ్మె పగలగొట్టిస్తారు. వాడు అక్క ముఖం చూశాడు.

"ఉండాది సార్" అన్నాడు.

రాయి మూరెడు లేచింది గనక కొత్త మొరవా మూరెడు లేచింది. కట్ట మాత్రం పాత కట్టే. తొలి వానలకు చెరువులో ఎన్నడూ లేనన్ని నీళ్లు నిలిచాయి. రైతులు సంబరపడి రాజారత్నానికి పూలదండ వేశారు.

దసరా ముందు ఆదిమూలం మా ఇంటికొచ్చి అంతా చెప్పాడు. "నిద్ర పట్టలేదబ్బా. ఆ నీళ్ల కింద మా యక్క ఇల్లుండాది" అన్నాడు.

"ఇప్పుడు నోరు తెరిస్తే నీ ఉద్యోగం పోతాది. మూరెడే గదా. ఎండాకాలం రానీ, నిదానంగా చూద్దాంలే."

ఈ మాట అన్నది నేను. రోజూ కట్టలు గీసేవాణ్ని, వరదొచ్చినా నీళ్లు కట్ట మీద పొర్లకూడదనే మొరవకు పైన ఆ కాస్త ఎత్తు మిగులుస్తారని నాకు తెలియదా? తెలుసు. సెలవులు దగ్గర పడ్డాయి, గొడవ నెత్తిన వేసుకోవడం ఇష్టం లేకపోయింది. థూ, నా బతుకు!

కార్తీకంలో తుఫాను పట్టుకుంది. నాలుగో రోజు పొద్దున్నే ఆదిమూలం గునపం భుజాన వేసుకుని పుత్తూరు నుంచి వానలో నడిచి వెళ్లాడు. ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. నీళ్లు కట్ట అంచుకు జానెడు కింద ఉన్నాయి. ముందు అక్క దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా, పిల్లనెత్తుకుని బయటికి రా! కట్ట నిలబడదు!"

"పైన సామి ఉండగా కట్టకేమైతాదిరా? నువ్వే గదా చెప్పినావు" అందామె.

ఆమె కదలకపోతే వాడు మొరవ దగ్గరికి ఉరికి గునపంతో రాళ్లు పెకలించడం మొదలుపెట్టాడు. రైతులు పరిగెత్తుకొచ్చారు. "నిండిన చెరువును తెగ్గొడతాండాడు! తాగినాడేమో సూడు!" గునపం లాక్కుని, చేతులు విరిచి పట్టుకున్నారు. పట్టుకున్న వాళ్లలో వరదయ్య ఒకడు. "రాయి లేసిందప్పా! మూరెడు తప్పుండాది!" అని ఆదిమూలం గొంతు చించుకున్నాడు. ఏ రాయో, ఏం తప్పో ఒక్కరికీ అర్థం కాలేదు. వాళ్లట్లా పెనుగులాడుతుండగానే కట్ట తగ్గుగా ఉన్న చోట నీళ్లు పైనుంచి పొర్లాయి. గండి పడింది. సరిగ్గా ఆ తొమ్మిదిళ్ల నెత్తిన.

ఏడుగురు పోయారు. దేవకమ్మ, మనవరాలు మర్నాడు తుమ్మచెట్ల మధ్య దొరికారు. పిల్ల ఆమె చంకలోనే ఉంది.

రాయి మాత్రం దిమ్మె మీద చెక్కుచెదరలేదు. వరదకు నిలబడిన సామి అని జనం ఇంకా ఎక్కువగా మొక్కారు. విచారణకు వచ్చినవాళ్లు అతివృష్టి అని రాసుకుని వెళ్లిపోయారు.

మరుసటి వేసవిలో గండి పూడ్చడానికి కొత్త ఓవర్సీరు వచ్చాడు. పటాలు పట్టుకుని నేనూ వెళ్లాను. ఊరంతా కట్ట మీదికి చేరింది. దుర్భిణి సరిచేసుకుని ఆయన మామూలుగా అడిగాడు. "రాయి సరిగ్గా ఉందా?"

ఆదిమూలం కర్ర రాయి మీద పెట్టలేదు.

"లేదు సార్. మూరెడు పైకి లేసిండాది. లేపింది మా యక్క. పోయినేడు బాగుండాదని అబద్ధం చెప్పింది నేను."

వరదయ్య మేనమామను చూశాడు. వెళ్లి గునపం తెచ్చాడు, ఆ రోజు మామ చేతిలోంచి లాక్కున్నదే. తల్లి కట్టించిన దిమ్మెను పగలగొట్టాడు. పడుతున్న రాయిని పట్టుకోవాలని ఆదిమూలం ముందుకొస్తే, "ముట్టుకోవద్దు మామా" అన్నాడు. అదే వాడితో వరదయ్య ఆడిన ఆఖరి మాట.

వడమాలపేట రోడ్డు రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చాం. రెండు రోజులు పట్టింది. రెండే రోజులు.

ఆదిమూలం ఉద్యోగం పోయింది. పుత్తూరులోనే మండీలో మూటలు మోశాడు. ఒకసారి కంసాలే పిలిచి, "ఏం రాయి ఆదిమూలం, ఈ మధ్య ఏమీ అడగవే?" అని నవ్వితే తల వంచుకుని వచ్చేశాడు. ఎనభై మూడులో పోయాడు.

వాడు నిజం ఒప్పుకున్నాక ఆఫీసులో విచారించినప్పుడు, "ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అని వాణ్ని అడిగారు. నేను పక్క గదిలోనే ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. "ఎవురికీ తెలవదు సార్" అన్నాడు.

నేను లేచి లోపలికి వెళ్లలేదు. నెలనెలా పింఛను తీసుకుంటున్నాను.