చుక్కల చిక్కుళ్ళూ జపాను విశేషణాలూ

జపాను భాషలో నాకు సరిగ్గా వచ్చినవి విశేషణాలు మాత్రమే. క్రియల దగ్గర చతికిలబడ్డాను. కానీ బరువు, తేలిక, చేదు, తీపి, ఖరీదు, చవక అనేవి నేను పుట్టి పెరిగిన మాటలు. కొండల మీది చింతపల్లిలో మాది కిరాణా కొట్టు మరి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో జపాను నుంచి ఒకావిడ కొండల్లోని పాత విత్తనాల గురించి చదువుకోడానికి వచ్చి, మా పెరటి గదిలో అద్దెకు దిగింది. నేను డిగ్రీ తప్పి గల్లా దగ్గర కూర్చున్న రోజులు. అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడకి తెలుగు కావాలి. నేను బేరం పెట్టాను: ఒక తెలుగు మాటకి రెండు జపాను మాటలు. మారు మాట్లాడకుండా ఒప్పేసుకుంది. అయ్యో, మూడు అడగాల్సింది అని రోజంతా కుమిలిపోయాను.

కొట్లో సరుకే మా పలక. బెల్లం ముక్క నోట్లో పెట్టి ‘అమాయి’ అనేది. మిరియం కొరికించి ‘కరాయి’. కాఫీ గింజ నమిలించి ‘నిగాయి’. వీటన్నిటికీ చివర ‘ఇ’ తోక. కాదు అనాలంటే ఆ తోక కోసి ‘కునాయి’ అతికించాలి: అమాయి తీపి, అమకునాయి తీపి కాదు. ఇంకో జాతి ఉంది. ‘షిజుక’, నిశ్శబ్దం, లాంటివి. వాటిని వస్తువుకి ముందు పెట్టాలంటే మధ్యలో ‘న’ ఉండాలి. “పొట్లానికి పురికొసలాగా!” అన్నాను. ఆవిడ మురిసిపోయి పుస్తకంలో రాసుకుంది. ‘కిరెయి’ అంటే అందం. తోక చూస్తే మొదటి జాతి, బుద్ధులన్నీ రెండో జాతివి. దాని దగ్గర పదిసార్లు తప్పాను. పదకొండోసారీ ఆవిడ నవ్వుతూనే దిద్దింది. నాకు ఎక్కాలు నేర్పినప్పుడు మా నాన్న రెండోసారికే తూకం రాయి చూపించేవాడు.

ఆవిడ ఏడాదిగా వెతుకుతున్నది ఒక చుక్కల చిక్కుడు. పై ఊళ్ళలో ఒకరిద్దరి దగ్గరే మిగిలిందని విన్నది. అది లేకుండా వెళ్తే చదువు సగంలో ఆగినట్టే. పై వారమే ఆవిడ తిరుగు ప్రయాణం. మిగిలింది ఒక్క సంత.

ఆ సంతలో దొరికింది. ఒక ముసలామె గుడ్డ పరిచి కూర్చుంది. తెల్లటి గింజలు, ఒక్కోదాని మీద ఎర్రటి చుక్కలు. అక్క మొహం వెలిగిపోయింది. కొనేవాళ్ళ మొహం అలా వెలిగితే ధర ఘాటు రోడ్డెక్కుతుంది. మా ఇంటి ధర్మం ఒకటే: కావలసిన సరుకుని ముందు తిట్టాలి.

ముక్కు చిట్లించి అక్క చెవిలో అన్నాను: “ఫురుయి. వరుయి. చీసాయి.” పాతవి, చెడ్డవి, చిన్నవి. ఒక్క తప్పు లేదు. లోపల గర్వపడ్డాను కూడా. తర్వాత తెలుగులో, “ఏటే ముసలీ, పుచ్చులు తెచ్చావా?”

అక్క గుప్పిట్లో గింజల్ని మెల్లగా గుడ్డ మీద పెట్టేసి, దణ్ణం పెట్టి లేచింది. మా లెక్కలో అది బేరానికి మొదటి మెట్టు. అమ్మేవాళ్ళు వెనక్కి పిలవాలి. ముసలామె పిలవలేదు. మూట కట్టుకుని జీపుల వైపు నడిచింది.

“వదిలేశావేంటక్కా?”

“నువ్వు వరుయి అన్నావు. నాకన్నా నీకు గింజలు తెలుసు.”

“మంచివి కాబట్టే అలా అన్నాను!”

“మంచివి... చెడ్డవి అంటావా?”

“కొనేదాకానే!”

ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని జీపుల వైపు పరుగెత్తింది. వెనకాల నేను.

ముసలామె జీపు వెనక బల్ల మీద, పదిమంది మధ్య ఇరుక్కుని కూర్చుంది.

“అమ్మా, ఆ గింజలు...”

“ఇందాక ముసలీ, ఇప్పుడు అమ్మానా? పుచ్చులు కొని ఏటి సేత్తావే గుంటా?”

జీపంతా నవ్వింది.

“పుచ్చులు కావమ్మా. బాగున్నాయి.”

“నాకు సెప్పడమేటి, నాకు తెల్దా? దాని సెవిలో ఏదో ఊదినావు గదా. దాని బాసలోనే సెప్పు.”

చెప్పాను. ఫురుకునాయి. వరుకునాయి. చీసకునాయి. మూడు తోకలూ నా చేత్తోనే కోశాను.

“ఇంకా?” అంది ముసలామె.

“కిరెయి మమే.” అందమైన చిక్కుళ్ళు.

“కిరెయి న మమే,” అని దిద్దింది అక్క, రొప్పుతూనే.

“బేగి కానీండమ్మా!” అని డ్రైవరు హారను కొట్టాడు.

ముసలామె నన్ను చూడలేదు. అక్క మొహం చూసి మూట విప్పింది. ధర చెప్పింది. బేరం నాలిక కొసదాకా వచ్చింది. మింగేశాను, పచ్చి కాఫీ గింజ మింగినట్టే ఉంది. తన విత్తుకి సగం ఉంచుకుని, మిగతా సగం సోలతో కొలిచి అక్క సంచిలో పోసింది. ఆ రోజు వాళ్ళిద్దరిలో ఏ ఒక్కరు నన్ను అసహ్యించుకున్నా న్యాయమే. ఒకావిడ ఎగతాళి చేసి వదిలేసింది, రెండో ఆవిడ నా వ్యాకరణం దిద్దింది. అంత చవగ్గా నన్ను ఇంకెవరూ క్షమించలేదు.

జీపు కదులుతుంటే ముసలామె అరిచింది. “బూడిద కలిపి దాయమను! లేపోతే పురుగు పడతాది! దానికి సెప్పు!”

బూడిదకి జపాను మాట నాకు రాదు. పక్కనే టీ కొట్టు పొయ్యిలోంచి డబ్బాడు చల్లారిన బూడిద తెచ్చి సంచిలో పోశాను. అక్క రోడ్డు పక్కనే చతికిలబడి, మోచేతుల దాకా బూడిద అంటించుకుని, గింజల్ని కలపడం మొదలెట్టింది.