రుక్మిణి మేడం, శింగనమల బావి

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసు ల్యాబులో ఎవరో బోర్డుకు తీగ అతికిస్తున్నారు. కరిగిన టంకం పొగ ముక్కుకు తగలగానే అనంతపురంలో నేను చదివిన పాలిటెక్నిక్, అక్కడ పాఠం చెప్పిన రుక్మిణి మేడం గుర్తొచ్చారు. ఇప్పుడు నా పని, ఒకే కంప్యూటరులో అనేక కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే కెర్నల్ అనే మూల ప్రోగ్రాముతో. అలా లోపల ఉన్నట్టు నడిచే కంప్యూటరు, పరికరం కోసం ఒక అడ్రసు, అంటే దాని చోటు చెప్పే అంకె, అడుగుతుంది. అసలు పరికరం వేరే అడ్రసులో ఉంటుంది. రెంటినీ సరిగ్గా ముడిపెట్టకపోతే పరికరానికి బదులు మామూలు మెమరీ జవాబిస్తుంది. ఆ జవాబు నిజంలాగే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, శింగనమల దగ్గర ఒక బావి వల్ల.

ఎనభైల నడుమ, వరసగా వానలు తప్పిన కాలమది. మేడం నల్లమాడ వైపు మెట్టసేద్యం ఇంట్లో పుట్టిన మనిషి. కాలేజీకి మైక్రోప్రాసెసర్ కిట్ రాగానే బావిలో నీటిమట్టం చెప్పే పరికరం చేద్దామన్నారు. తీగలు కలిపే పని, ప్రోగ్రాము రాసే పని నాకిచ్చారు. ఓబులేసు అనే రైతు బావికి దాన్ని బిగించి వచ్చాం. మూడు రోజులు అది నీళ్లు పన్నెండు అడుగులున్నాయనే చూపింది. ఆ ధైర్యంతో ఆయన మోటారు ఆపకుండా ఆడించాడు. నాలుగో రోజు కబురొస్తే బస్సెక్కి వెళ్లాం.

"ఏమమ్మా, మీ మిషను ఇప్పుడూ పన్నెండడుగులే అంటాండాది. లోపల చూస్తే బురద. మోటారు కాలిపాయ. చెనిక్కాయ పైరు ఏం కావల్ల?" అన్నాడు ఓబులేసు.

మేడం తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలారు. పైకి లాగితే చివర జానెడు తడిసిందంతే. నేను నోరు తెరిచేలోపే, "తప్పు నాదన్నా. నేను చూసుకోకుండా నీకిచ్చినాను. మోటారు నేను బాగుచేసి తెస్తా," అన్నారు.

కాలేజీ వర్క్‌షాపులో రెండు రోజులు కూర్చుని కాలిన మోటారుకు ఆమే కొత్త రాగితీగ చుట్టారు. నేను పక్కనే కూర్చుని తీగ అందించాను. చివరికి ఉండబట్టలేక, "తప్పు నాది కదా మేడం?" అన్నాను.

"నీదే. ఆయప్ప ముందర తలవంచాల్సింది నేను. సరిచేయాల్సింది నువ్వు."

సరిచేయడానికి, బావి దగ్గర నుంచి తెచ్చిన కిట్ ముందు కూర్చుంటే తప్పు దొరికింది. పదహారు అడ్రసు తీగల్లో ఒకదాన్ని నేను కలపకుండా వదిలేశాను. నీటి పరికరమనుకొని చదువుతున్నది మెమరీని. ఆ పన్నెండు, పరీక్ష చేసిన రోజు నేనే ఆ మెమరీలో రాసిపెట్టుకున్న అంకె. మేడం చూసి కోప్పడలేదు. "ఆడ ఎవరుండారో చూడకుండా, పలికిన మాట నమ్మినావు," అన్నారంతే. మోటారు మళ్లీ తిరిగింది. బావి ఊరిన కాడికి పారించినా వేరుశనగ పైరు సగమే దక్కింది.

చదువు ముగిసి బెంగళూరు బయలుదేరిన రోజు ఆమె బస్టాండుకు వచ్చారు. "జాబు రాస్తాండు," అన్నారు. రెండు ఉత్తరాలు రాశాను. తర్వాత ఉద్యోగం, సంసారం. ఆమె పోయారని నాకు తెలిసేసరికి మూడేళ్లు గడిచిపోయాయి.

నా పని ఏమిటో ఆమెకు ఎప్పుడూ చెప్పలేకపోయాను. పనిలో ఏదైనా చిక్కు విడిపోయిన సాయంత్రం అందరూ చేతులు కలుపుతారు. నాకు మాత్రం చెప్పాలనిపించే మనిషి ఒక్కరే. ఆమె మెచ్చుకోరని తెలుసు, "ఆడ ఎవరుండారో చూసినావా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నాలో నేను జవాబు చెప్పుకున్నాకే కుర్చీలోంచి లేస్తాను.