ఎర్ర గీత పెట్టిన ర్యామ్

దయ్యాలు, గాలులు ఉన్నాయంటే ఒప్పుకునే మనిషిని కాను నేను. బాన్సువాడలో పన్నెండేళ్ళుగా లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. "దీనికి ఏదో పట్టిందన్నా" అంటూ తెచ్చినవి ఎన్నో చూశాను. ఒకదానికి పట్టింది చీమలు. ఇంకొకదానికి ఒలికిన చాయ్. మరోదాంట్లో బల్లి ఎండిపోయి ఉంది. విప్పి చూస్తే దేనికైనా కారణం దొరికేది. ఒక్కదానికి తప్ప.

మొన్న వరికోతలప్పుడు సుమలత అనే అమ్మాయి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. పెద్ద కొడప్‌గల్ పక్కన పల్లె వాళ్ళది. నాన్న పేరు నర్సింలు. కల్లం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద వడ్ల దుమ్ము ఇంకా ఉంది.

ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి పనిచేస్తోంది. ఫోన్ చేసిన కస్టమర్లకు జవాబు చెప్పడం ఆమె పని. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారట. రెండు నెలలు బాగానే గడిచాయి. ఇప్పుడు మాట్లాడుతుండగానే స్క్రీన్ నీలంగా మారి లాప్‌టాప్ ఆగిపోతోంది. ఇలాగే సాగితే తీసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు.

"పని పోతే మా నాయన మళ్ళ ఉద్యోగం పేరెత్తనియ్యడు అన్నా," అంది. నర్సింలు మాత్రం లాప్‌టాప్‌కు బారెడు దూరంలో నిలబడ్డాడు. ఆయన సంగతి నాకు అర్థం కాలేదు. అమ్మాయే చెప్పింది. ఈమె కూర్చుంటేనే అది చస్తోందని, ఇంట్లో ఏదో ఉందని ఊళ్ళో అంటున్నారట. నాకు నవ్వొచ్చింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆమె ఫోన్ తీసి, "ఏమనుకోకు అన్నా, మంచి సామాను గుంజుకొని పాతది ఏస్తరని అందరంటరు. నువ్వు చేసేదంతా వీడియో తీసుకుంట," అంది. ఒళ్ళు మండింది. కానీ మా పనికి ఆ పేరు ఊరికే రాలేదు కదా! తీసుకోమన్నాను.

మా పనిలో దేన్నీ నమ్మకూడదు. ముందు ఛార్జర్‌ను అనుమానించాను, అది బాగుంది. ఫ్యాన్‌లో దుమ్ము తీశాను, వేడి తగ్గింది, అయినా అరగంటకు ఆగిపోయింది. హార్డ్ డిస్క్ మార్చి చూశాను, అదే తంతు. అప్పుడు మెమరీ టెస్ట్ పెట్టాను. తెర మీద ఎర్ర గీతలు వరుసగా పడ్డాయి, అంటే మెమరీలో తప్పులున్నట్టు.

అందులో రెండు ర్యామ్‌లున్నాయి. ర్యామ్ అంటే మెమరీ ఉండే వేలెడంత పచ్చటి పలక. ఒకటి తీసి ఒకటి ఉంచి, అవి కూర్చునే స్లాట్లు మార్చి, ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించాను. ఒకటి ఏ స్లాట్‌లో పెట్టినా నికార్సుగా ఉంది. రెండోది ఏ స్లాట్‌లోనైనా టెస్ట్ తప్పుతోంది. దొంగ దొరికాడు.

నాదొక పద్ధతి ఉంది. పాడైన సామాను మీద మా ఆవిడ గోళ్ళ రంగుతో ఎర్ర గీత పెట్టి, కవర్లో వేసి, పిన్ను కొట్టి, కస్టమర్ చేతికే ఇచ్చేస్తాను. కొత్తది వేశాక మూత అతుకు మీద కాగితం సీలు అంటించి సంతకం పెడతాను. రేపు ఎవరూ నన్ను ఒక మాట అనకుండా. ఆ రోజూ అలాగే చేశాను. కొత్త ర్యామ్ వేసి మూడు గంటలు టెస్ట్ నడిపాను. ఒక్క తప్పు పడలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ వచ్చారు. లాప్‌టాప్ మళ్ళీ ఆగిపోతోందట. నా అనుమానం నేరుగా అమ్మాయి మీదికే వెళ్ళింది. సీలు చూశాను. చిరగలేదు, సంతకం నాదే. వేడి చేసి సీలు ఊడదీసేవాళ్ళున్నారని భూతద్దం పెట్టి చూశాను. అలా తీస్తే కాగితం అంచు ముడుచుకుంటుంది. ఇది చక్కగా అతుక్కుని ఉంది.

నేనే చింపి మూత తీశాను. లోపల ఎర్ర గీత ఉన్న ర్యామ్ ఉంది.

 పాతది ఏదని అడిగితే అమ్మాయి బ్యాగులోంచి కవర్ తీసి ఇచ్చింది. పిన్ను నేను కొట్టినట్టే ఉంది, దాని పక్కన ఇంకో రంధ్రం కూడా లేదు. విప్పితే లోపల గీత లేని కొత్త ర్యామ్. దాని మీది నంబరు నేను బిల్లులో రాసిందే. రెండింటినీ టెస్ట్ చేశాను. గీత ఉన్నది తప్పింది, లేనిది నెగ్గింది.

ఇక వీడియో. అమ్మాయీ నేనూ కౌంటర్ దగ్గర తలలు వంచి నాలుగుసార్లు చూశాం. గీత లేనిది లోపలికి పోయింది. గీత ఉన్నది కవర్లోకి పోయింది. ఎక్కడా ఆగలేదు, తెగలేదు. చేతులు నావే.

తల ఎత్తేసరికి నర్సింలు గల్లా బల్లకు ఆనుకుని ఉన్నాడు. వీడియో ఆయన చూడలేదు కానీ, చిరగని సీలును నేను ఎలా చూశానో చూశాడు. ముఖంలో రక్తం లేదు.

"ఇది మనింట్ల ఉండొద్దు బిడ్డా," అన్నాడు. "గా పని ఇడిసిపెట్టు. రేపే ఇడిసిపెట్టు."

 సుమలత పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది. ఇంకో పద్దెనిమిది రోజులు గడిస్తే ఆమెకు ఉద్యోగం ఖాయం. నాకు చాలా బాధేసింది.

"కాకా, తప్పు నాది," అన్నాను. "ఆ రోజు గీత పెట్టిందే మళ్ళ లోపల ఏసిన. కొత్తది కవర్ల పెట్టిచ్చిన. షాపుల మంది ఎక్కువుండె, చూసుకోలె."

"గంతేనా?" అన్నాడు. బల్ల వదిలి ముందుకొచ్చి, "నీ తప్పేనా?"

"నాదే కాకా."

ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. "పన్నెండేండ్ల సంది చేస్తున్నవట, కండ్లు యాడ పెట్టినవ్? నా బిడ్డ నాలుగు రోజుల సంది అన్నం తింటలేదు!" అని బజారంతా వినేలా తిట్టాడు. తలొంచుకుని అన్నీ పడ్డాను. సుమలత నా వైపు ఒకసారి చూసి ఫోన్ బ్యాగులో పెట్టేసుకుంది.

కొత్త ర్యామ్ మళ్ళీ వేసి, గీత ఉన్నదాన్ని వాళ్ళ ముందే పట్టకారుతో విరిచాను. తర్వాత లాప్‌టాప్ ఆగలేదు. ఆమెను ఉద్యోగంలో ఉంచుకున్నారు.

అటువైపు ఊళ్ళ నుంచి ఇప్పుడు నా దగ్గరికి ఎవరూ రావడం లేదు. లాప్‌టాప్‌లు ఆయనకు ఇవ్వకండి, ఏది పాతదో ఏది కొత్తదో తెలియనోడని నర్సింలు కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాడట. ఈ మధ్య సుమలత ఫోన్ చేసింది.

"నీ పేరు ఖరాబైతుంది అన్నా. మా నాయనకు వీడియో చూపిస్త."

"చూపిస్తే, మరెట్ల మారిందంటడు. ఏం చెప్తవ్?" అన్నాను.

ఉంట అన్నా అని ఆమె ఫోన్ పెట్టేసింది.  ఊరంతా అనుకుంటున్నట్టు అది నిజంగా నా పొరపాటే అయ్యుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.